గుర్తు కనిపిస్తోంది, కణం ఉందా?

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నేను రేడియాలజిస్టును. రోజంతా మసక గదిలో తెర ముందు కూర్చుని, కనిపించే నీడలకు అర్థం చెప్పడం నా వృత్తి. మూలకణాలకు (ఒంట్లోని వేర్వేరు రకాల కణాలుగా మారగల కణాలకు) నానో రేణువులతో, అంటే కంటికి కనిపించనంత సన్నని పొడితో, గుర్తు వేసి, అవి ఒంట్లో ఎక్కడికి వెళ్లాయో ఎమ్మారై వంటి యంత్రాలతో వెతికే పద్ధతి గురించి ఈరోజు మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అసలు విషయానికి ముందు, నన్ను ఈ దారికి మళ్లించిన ఒక సంఘటన చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక తండ్రి తన కొడుకు వెన్నెముక ఎమ్మారై ఫిల్ములు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని ఆ అబ్బాయికి నడుము కింది భాగం చచ్చుబడింది. ఎక్కడో ఒక కేంద్రంలో అతనికి మూలకణాలు ఎక్కించారు. ఆ ఖర్చు కోసం ఈయన రెండెకరాల పొలం అమ్ముకున్నారు. కవరులోంచి ఫిల్ములు తీసి బల్ల మీద పరిచి ఆయన అడిగింది ఒకటే మాట: "సార్, ఎక్కించిన కణాలు ఇందులో ఎక్కడున్నాయో ఒకసారి చూపించండి."

నేను చూపించలేకపోయాను. నేనే కాదు, ఎవరూ చూపించలేరు. ఎమ్మారై యంత్రం కణాలను చూడదు. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో ఇచ్చే సంకేతాన్ని పట్టుకుని బొమ్మ గీస్తుంది. ఎక్కించిన కణంలోనూ నీరే, దాని పక్కన పుట్టినప్పటి నుంచీ ఉన్న కణంలోనూ నీరే. పైగా ఆసుపత్రుల్లోని యంత్రం విడదీసి చూపగల గడి సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది. 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) వెడల్పున్న కణాలను పక్కపక్కన, ఒకదానిపై ఒకటి సర్దుకుంటూ పోతే ఆ 1 మిల్లీమీటరు ఘనంలో 1,25,000 కణాలు పడతాయి. అంతమంది ఉన్న పట్టణంలో ఒక మనిషిని పోల్చుకోవాలంటే అతనికి ఏదో ఒక ప్రత్యేకమైన ఆనవాలు ఉండాలి కదా.

మందలు కాసేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఎండాకాలంలో మేత వెతుక్కుంటూ గొర్రెల మందలు ఊళ్లు దాటి పోయేటప్పుడు, ఒకరి జీవాలు మరొకరి మందలో కలిసినా పోల్చుకోవడానికి ఒకరు వీపు మీద రంగు పూస్తారు, మరొకరు చెవికి గాటు పెడతారు. మూలకణాలకు మేము చేసేదీ అదే: ఒంట్లోకి పంపే ముందే, ప్రయోగశాలలో ఉండగానే, యంత్రానికి కనిపించే ఏదో ఒక పదార్థాన్ని వాటికి పట్టిస్తాము. ఈ రంగు పూసిన గొర్రెను కాసేపు మనసులో ఉంచుకోండి. మున్ముందు దానితో చాలా పని ఉంది.

ఇక్కడే మాట ఒకటి సరిచూసుకోవాలి. తెలుగులో జీవకణాన్నీ కణమే అంటాము, ధూళికణాన్నీ కణమే అంటాము. మూలకణాల్లోకి నానోకణాలు వెళ్తాయంటే ఏది దేనిలోకి వెళ్లిందో వినేవారికి అంతుపట్టదు. అందుకని ఈ ప్రసంగంలో కణం అంటే జీవకణమే. ఇనుము వంటి పదార్థపు పొడిని రేణువు అంటాను.

కణానికి గుర్తు వేయడం నానో రేణువులతో మొదలు కాలేదు. 1970లలో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మాథ్యూ ఠాకూర్, ఆయన సహచరులు రోగి సొంత తెల్ల రక్తకణాలకు ఇండియం-111 అనే రేడియోధార్మిక మూలకాన్ని పట్టించి, తిరిగి ఒంట్లోకి ఎక్కించి, చీము ఎక్కడ దాగి ఉందో గామా కెమెరాతో పట్టుకునే పద్ధతిని నిలబెట్టారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. రేడియోధార్మిక గుర్తుకు ఒక గొప్ప గుణం ఉంది: ఒంట్లో అటువంటిది మరొకటి ఉండదు గనుక కనిపించినదంతా మనం పంపినదే. లెక్క కూడా కట్టవచ్చు. 2005లో జర్మనీలోని హానోవర్ వైద్యులు గుండెపోటు వచ్చిన రోగుల మూలుగ కణాలకు ఫ్లోరిన్-18 ఉన్న గ్లూకోజును పట్టించి, గుండె ధమనిలోకి ఎక్కించి, గంట అటూ ఇటూగా, రేడియోధార్మిక గుర్తును చూపే పెట్ స్కాన్ తీశారు. వేరు చేయని మూలుగ కణాల్లో దెబ్బతిన్న గుండె కండరంలో నిలిచినవి 1.3 నుంచి 2.6 శాతం మాత్రమే. మూలుగలోంచి ప్రత్యేకంగా ఏరిన సీడీ34 రకం కణాలు 14 నుంచి 39 శాతం దాకా నిలిచాయి. అప్పటికి ప్రపంచంలో ఎన్నో చోట్ల గుండెకు మూలకణాల చికిత్స ప్రయోగాలు జరుగుతున్నాయి. కణాలు పని చేశాయా లేదా అని అందరూ వాదించుకుంటున్నారు గాని, వేరు చేయకుండా పంపిన వందలో తొంభైకి పైగా అసలు చిరునామాకే చేరలేదన్న సంగతిని ఈ కొలత కళ్లకు కట్టింది.

కానీ ఫ్లోరిన్-18 సగం కరిగిపోవడానికి పట్టేది 110 నిమిషాలు. ఇండియం-111కు 2.8 రోజులు. మూలకణం ఒంట్లో కుదురుకుని, మారి, పని చేయడానికి వారాలు, నెలలు పడుతుంది. మొదటి పూట ఎక్కడ దిగిందో చెప్పి ఊరుకునే గుర్తు కాక, నెలల తరబడి నిలిచే గుర్తు కావాలి. మళ్లీ మళ్లీ స్కాన్ తీసినా రోగికి రేడియేషన్ తగలని యంత్రం కావాలి. ఆ వెతుకులాట ఎమ్మారై వైపు, ఇనుము వైపు నడిచింది.

మామూలు ఇనుప ముక్కను అయస్కాంతానికి రాసి తీస్తే దానిలో కొంత అయస్కాంత గుణం మిగిలిపోతుంది. అదే ఐరన్ ఆక్సైడ్ స్ఫటికాన్ని 5, 10 నానోమీటర్లకు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు) చిన్నది చేసుకుంటూ పోతే విచిత్రం జరుగుతుంది. స్ఫటికం మొత్తం ఒకే చిన్న అయస్కాంతమైపోతుంది, కానీ మామూలు వేడికే దాని దిశ క్షణక్షణానికీ తిరగబడుతూ ఉంటుంది. బయటి క్షేత్రం ఉన్నంతసేపు రేణువులన్నీ బుద్ధిగా ఒకే దిక్కుకు తిరిగి, మామూలు పారా అయస్కాంత పదార్థాల కంటే ఎన్నో రెట్లు బలంగా స్పందిస్తాయి. క్షేత్రం తీసేయగానే అన్నీ మరిచిపోతాయి. దీనినే సూపర్ పారా అయస్కాంతత్వం అంటారు. ఈ మరపు మాకు ఎంతో అవసరం. గుర్తుంచుకునే రేణువులైతే సీసాలోనే ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి; అవి నరంలోకి వెళితే రక్తప్రవాహానికే అడ్డం.

అటువంటి రేణువు ఒక కణంలో ఉంటే ఎమ్మారైలో ఏమవుతుంది? 1.5 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలత) యంత్రంలో నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలన్నీ సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు, ఒకే లయలో తిరుగుతుంటాయి. కోలాటంలో అందరికీ ఒకే తాళం వినిపిస్తున్నంతసేపు కర్రల చప్పుడు ఒక్కటై మోగుతుంది. గుంపు మధ్యలో ఎవరో వేరే తాళం మొదలుపెడితే చుట్టుపక్కలవారు తలొక తీరున కొట్టడం మొదలై ఆ మోత చెదిరిపోతుంది. ఇనుప రేణువు చేసే పని ఇదే. తన చుట్టూ క్షేత్రాన్ని ఎగుడుదిగుడు చేసి కేంద్రకాల లయ తప్పిస్తుంది. అక్కడ సంకేతం చచ్చి, బొమ్మలో నల్లమచ్చ పడుతుంది. ఆ గందరగోళం రేణువు ఒంటి కంటే ఎంతో దూరం విస్తరిస్తుంది గనుకనే, కణాన్ని చూడలేని యంత్రం కణంలోని ఇనుము నీడను చూడగలుగుతోంది. ఎలుకల ప్రయోగాల్లో మైక్రాన్ పరిమాణపు రేణువులు మింగించి ఒంటరి కణాన్ని కూడా పట్టుకున్నారు.

మింగించడం అన్నాను గాని, మూలకణం అంత తేలికగా మింగదు. రేణువులు నీళ్లలో తేలి ఉండటానికి డెక్‌స్ట్రాన్ అనే చక్కెర గొలుసుల పూత వేస్తారు. దానికి కణపు పొరను అంటుకునే గుణం లేదు. కణపు పొర మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న పదార్థం ఏదైనా మధ్యవర్తిగా ఉంటే పని జరుగుతుంది. ప్రయోగశాలల్లో వాడే పాలీలైసిన్ వంటివి కణాలకు కొంత విషం, పైగా రోగులకు వాడే అనుమతి లేనివి. 2004లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఆలీ అర్బాబ్, జోసెఫ్ ఫ్రాంక్ బృందం ప్రోటమిన్‌ను తీసుకుంది. ఇది చేప వీర్యం నుంచి తీసే ప్రోటీను. గుండె ఆపరేషన్ అయ్యాక, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావాన్ని విరిచేయడానికి మత్తు వైద్యులు వాడే పాత మందే. ఇనుప రేణువులను, ప్రోటమిన్‌ను కలిపితే చిన్న చిన్న ముద్దలవుతాయి. కణం ఆ ముద్దలను లోపలికి లాక్కుని తన సంచుల్లో దాచుకుంటుంది. రెండూ అప్పటికే అనుమతి ఉన్న మందులు కావడమే ఈ ఉపాయంలోని తెలివి.

ఇలా ఒక్కో కణంలోకి మామూలుగా 10, 20 పికోగ్రాముల (గ్రాములో లక్ష కోట్లవ వంతు ఒక పికోగ్రాము) ఇనుము చేరుతుంది. మన ఎర్ర రక్తకణం ఒక్కోదానిలో ఉండే ఇనుము 0.1 పికోగ్రాము. అంటే ఒక్కో కణం మీద మోపే బరువు తక్కువేమీ కాదు. మొత్తంగా చూస్తే మాత్రం స్వల్పమే: ఒక కోటి కణాలకు 10 పికోగ్రాముల చొప్పున పట్టిస్తే 0.1 మిల్లీగ్రాము, పెద్ద మనిషి ఒంట్లో ఉండే ఇనుము 3, 4 గ్రాములు. కణాలు నిజంగా ఇనుము తీసుకున్నాయో లేదో చూడటానికి ప్రయోగశాలలో వాడే రంగు పరీక్ష 1867లో మాక్స్ పెర్ల్స్ కనిపెట్టినదే. ఇనుము ఉన్న కణం సూక్ష్మదర్శిని కింద నీలిమందు చల్లినట్టు కనిపిస్తుంది. ఎన్నో ఖరీదైన యంత్రాల మధ్య చివరి మాట ఇప్పటికీ ఆ పాత నీలిరంగుదే.

ఇప్పుడు ఈ గుర్తు అత్యంత స్పష్టంగా తన విలువ చాటుకున్న సందర్భానికి వస్తాను. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు, వారి సొంత డెండ్రిటిక్ కణాలను శిక్షణ ఇచ్చిన టీకాలాగా లింఫ్ గ్రంథిలోకి ఎక్కించే చికిత్స జరుగుతోంది. ఇవి మూలకణాలు కావు, రోగనిరోధక కణాలు. ఆ తేడా మరిచిపోకూడదు. 2005లో ప్రచురించిన అధ్యయనంలో వారు 8 మంది రోగుల కణాల్లో కొన్నిటికి ఇనుప రేణువులు, కొన్నిటికి ఇండియం-111 పట్టించి, రెండూ కలిపి ఎక్కించారు. సూది వేసింది నేర్పున్న రేడియాలజిస్టు. అల్ట్రాసౌండ్‌లో గ్రంథిని చూస్తూ వేసిన సూది. అయినా ఎమ్మారై తీస్తే, 8 మందిలో నలుగురికి కణాలు గ్రంథిలో పడలేదని, పక్కన కొవ్వులో పడ్డాయని తేలింది. గామా కెమెరా బొమ్మలో ఆ ప్రాంతమంతా ఒక వెలుగు ముద్దగా కనిపిస్తుంది తప్ప గ్రంథి లోపలా వెలుపలా అన్నది తెలియదు. తర్వాత శస్త్రచికిత్సలో ఆ గ్రంథులను తీసి సూక్ష్మదర్శినిలో చూసి సరిపోల్చారు కూడా.

ఈ ఫలితాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగింది ఆనందం కాదు, గుబులు. అల్ట్రాసౌండ్ చూస్తూ సూదులు వేయడం నా రోజువారీ పని. తెర మీద సూది మొన కనిపిస్తే పని సరిగా జరిగిందనే నమ్ముతాము. గుర్తు లేకపోయి ఉంటే ఆ నలుగురికి చికిత్స పని చేయకపోవడాన్ని ఏమనేవారు? టీకాలో బలం లేదనేవారు. మందును నిందించే ముందు మందు చేరిందో లేదో చూడాలన్న ఈ ఒక్క ప్రయోజనానికే గుర్తు వేయడం తగిన పని అని నా అభిప్రాయం.

2006లో షాంఘైలోని హువాషాన్ ఆసుపత్రి వైద్యులు మెదడుకు దెబ్బ తగిలిన రోగికి ఇనుప రేణువులు పట్టించిన నాడీ మూలకణాలు ఎక్కించి, వారాల తరబడి ఎమ్మారై తీస్తూ, సూది వేసిన చోటి నల్లమచ్చ క్రమంగా గాయం అంచుల వైపు జరగడాన్ని నివేదించారు. 2008లో జెనీవాలో టైప్-1 మధుమేహం ఉన్న నలుగురికి ఇన్సులిన్ తయారు చేసే పుటికలకు (క్లోమంలోని చిన్న కణాల గుంపులకు) గుర్తు వేసి కాలేయంలోకి ఎక్కించారు. ఆ ఏళ్లలో ఈ రంగంలో ఉత్సాహం ఉరకలు వేసింది.

మచ్చ జరిగింది సరే, జరిగింది కణమేనా?

రంగు పూసిన గొర్రె దగ్గరికి మళ్లీ వెళ్దాము. గొర్రె అడవిలో చచ్చిపోయింది అనుకోండి. రంగు ఉన్న తోలు మాత్రం పడి ఉంది. దూరం నుంచి బైనాక్యులర్‌లో చూసే మనిషికి రంగు కనిపిస్తుంది, జీవం ఉందో లేదో కనిపించదు. ఇంకా చిక్కేమిటంటే, ఆ తోలును ఒక తోడేలు నోట కరుచుకుని తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు రంగు కదులుతుంది కూడా! మన ఒంట్లో ఆ తోడేలు పేరు మ్యాక్రోఫేజు. చనిపోయిన కణాలను మింగి శుభ్రం చేయడం దాని ధర్మం. ఎక్కించిన మూలకణాల్లో చాలా భాగం మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. వాటిని మ్యాక్రోఫేజులు మింగుతాయి, వాటితోపాటు ఇనుమునూ మింగుతాయి. ఇనుము చావదు, ఎమ్మారైలో అంతే నల్లగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇది ఊహ కాదు. 2007లో ఇజ్రాయెల్ పరిశోధకులు గుండెపోటు తెప్పించిన ఎలుకల్లో గుర్తు వేసిన మూలకణాలను ఎక్కించి, నాలుగు వారాల తర్వాత ఎమ్మారైలో మచ్చలు చక్కగా కనిపిస్తుండగా ఆ గుండెలను కోసి చూశారు. ఇనుము ఉన్నవి దాదాపుగా మ్యాక్రోఫేజులే. 2008లో మరో బృందం ఇంకా కఠినంగా పరీక్షించింది: ఎలుక గుండెలోకి ఎలుక కణాలను ఎక్కించింది, వేరే ఎలుకలకు మనిషి కణాలను ఎక్కించింది. మనిషి కణాలను ఎలుక ఒళ్లు తిరస్కరిస్తుంది. మూడు వారాలకు అవి మిగలలేదు. ఎమ్మారై నల్లమచ్చ మాత్రం రెండింటిలోనూ నిలిచే ఉంది. బతికిన కణానికీ చచ్చిన కణానికీ ఒకే నీడ పడుతుందన్న మాట. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అందరూ చదవవలసినవి విజయ గాథల కంటే ఈ రెండు పరిశోధనలే.

నల్లమచ్చకు ఇతర కారణాలూ ఉన్నాయి. సూది గుచ్చిన చోట నాలుగు చుక్కల రక్తం గడ్డకడుతుంది. దాని ఇనుము హీమోసిడెరిన్‌గా మిగిలి ఎమ్మారైలో అచ్చంగా గుర్తు వేసిన కణాల్లాగే కనిపిస్తుంది. దెబ్బ తగిలిన మెదడులో, గుండెపోటు వచ్చిన కండరంలో పాత రక్తస్రావం ఉండటం మామూలే, మూలకణాలు ఎక్కించేది కూడా సరిగ్గా అక్కడే. ఊపిరితిత్తుల్లోనైతే గాలి వల్ల బొమ్మ ముందే నల్లగా ఉంటుంది. నలుపులో నలుపును వెతకాలి. అందుకే ఎక్కించక ముందు తీసిన స్కాన్ లేకుండా ఎక్కించిన తర్వాతి స్కాన్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేవారిని నేను నమ్మను.

మరో సంగతి: కణం రెండుగా చీలినప్పుడల్లా దానిలోని ఇనుము కూడా పిల్లకణాలకు పంచుకుపోయి సగం సగమవుతుంది. బాగా పెరిగి వృద్ధిలోకి వచ్చిన కణాల గుర్తు వెలిసిపోతుంది, చీలకుండా మూలన పడి ఉన్న కణం గుర్తు మాత్రం చిక్కగా ఉంటుంది. గొర్రెకు పూసిన రంగు గొర్రెపిల్లకు రాదు. కానీ నెల్లూరు జోడిపి గొర్రెకు మూతి మీద, కళ్ల చుట్టూ ఉండే నల్లమచ్చలు పిల్లకూ వస్తాయి, అవి జాతి లక్షణం కాబట్టి. కణానికి కూడా అలా జన్యువులోనే ఒక ఆనవాలు చేర్చి, ఆ జన్యువు తయారు చేసే ప్రోటీనును పెట్ స్కాన్‌లో చూసే పద్ధతి ఉంది. దానిని రిపోర్టర్ జన్యువు అంటారు. కణం చస్తే ఆ ప్రోటీను తయారీ ఆగుతుంది, చీలితే పిల్లకణాలకూ వస్తుంది. సూత్రప్రాయంగా ఇదే ఉత్తమం. అయితే రోగి ఒంట్లోకి వెళ్లే కణపు జన్యువులో చెయ్యి పెట్టడం అంత తేలికగా ఒప్పుకోదగిన పని కాదు గనుక, ప్రధానంగా జంతువుల ప్రయోగాల్లోనే సాగుతోంది.

ఇనుము పట్టించడం వల్ల కణం తీరు మారదా అన్న ప్రశ్నకు 2004లో జాన్స్ హాప్కిన్స్‌లో జెఫ్ బుల్టె బృందం ఇచ్చిన సమాధానం కలవరపెట్టింది: గుర్తు వేసిన మూలకణాలు కొవ్వుగా, ఎముకగా మారగలిగాయి గాని మృదులాస్థిగా మారలేకపోయాయి. తర్వాత వేరే పద్ధతిలో గుర్తు వేసినవారికి ఆ అడ్డంకి కనిపించలేదు. ఎంత ఇనుము, ఏ మధ్యవర్తి అన్నదాని మీద ఆధారపడిన విషయమిది. కానీ మోకాలి కీలుకు మృదులాస్థి కోసం కణాలు పంపేవారు ఈ పరీక్షను తమ పద్ధతిలో తామే చేసి చూసుకోవలసిందే.

శాస్త్రం ఒక దారిన పోతుంటే వ్యాపారం మరో దారిన పోతుంది. పరిశోధకుల్లో చాలామంది అప్పట్లో వాడిన ఫెరిడెక్స్ అనే ఇనుప రేణువుల మందు నిజానికి కాలేయ స్కాన్ల కోసం 1996లో అమెరికాలో అనుమతి పొందినది. కాలేయ స్కాన్లకు గడోలినియం అనే లోహం ఉన్న మందులు వచ్చాక అడిగేవారు తగ్గి, 2008లో దాని తయారీ ఆపేశారు. కణాలకు గుర్తు వేసేవారి అవసరం ఎంత? ఏ కంపెనీనీ నిలబెట్టేంత కాదు. అప్పుడు కళ్లన్నీ ఫెరుమాక్సిటాల్ మీద పడ్డాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి రక్తహీనతకు ఇచ్చే ఇనుము ఇంజెక్షన్‌గా 2009లో అనుమతి పొందిన ఈ మందు కూడా నానో రేణువే. దీన్ని మూలకణం తనంతట తాను సరిగా తీసుకోదు. 2012లో ఫ్రాంక్ బృందమే హెపారిన్, ప్రోటమిన్, ఫెరుమాక్సిటాల్ మూడింటినీ కలిపితే వాటంతట అవే ముద్దగా కట్టి కణంలోకి పోతాయని చూపింది. మూడూ ఆసుపత్రి ఫార్మసీలో దొరికే మందులే. నేరుగా నరంలోకి ఇచ్చినప్పుడు తీవ్రమైన అలర్జీ రావచ్చని 2015లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ మందు మీద గట్టి హెచ్చరిక ముద్రింపించింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరో దారి చూపారు: ముందుగా ఒంట్లోకి ఆ ఇంజెక్షన్ ఇచ్చి, మూలుగలోని కణాలు సహజంగానే ఇనుము పట్టుకున్నాక, ఆ మూలుగను తీసి వాడటం. ప్రయోగశాలలో కణాలను కెలకవలసిన పని తగ్గుతుంది.

నల్లమచ్చల గొడవే వద్దనుకున్నవారు ఫ్లోరిన్‌ను ఆశ్రయించారు. ఫ్లోరిన్ అనగానే మనకు నల్లగొండ, వంకర తిరిగిన కాళ్లు గుర్తుకొస్తాయి. నీటితో ఒంట్లో చేరే ఆ ఫ్లోరిన్ ఎముకల్లో, పళ్లలో గట్టి స్ఫటికంగా బిగుసుకుపోతుంది. అటువంటిది ఎమ్మారైకి కనిపించదు. మిగిలిన ఒంట్లో ఫ్లోరిన్ దాదాపు లేనట్టే. కాబట్టి ఫ్లోరిన్ నిండుగా ఉండే పర్‌ఫ్లోరోకార్బన్ నూనె బిందువులను కణాల్లోకి ఎక్కించి, యంత్రాన్ని ఫ్లోరిన్ రాగానికి శ్రుతి చేస్తే, కనిపించినదంతా మనం పంపినదే; నల్లగా కాక వెలుగుగా కనిపిస్తుంది, ఎంత ఉందో లెక్క కూడా తెలుస్తుంది. ఎరిక్ ఆరెన్స్ 2005లో ప్రారంభించిన ఈ పద్ధతిని 2014 నాటికి పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో డెండ్రిటిక్ కణాలతో పరీక్షించారు. చిక్కల్లా సంకేతం బలహీనం కావడమే. ఒకచోట లక్షల్లో కణాలుంటే తప్ప కనిపించవు.

2005లోనే హాంబర్గ్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో గ్లైష్, వైట్సెనెకర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు కొత్త యంత్రాన్నే ప్రతిపాదించారు. దాని పేరు మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్. నీటిని చూసి ఇనుమును ఊహించే బదులు ఇనుమును నేరుగా చూస్తుంది. ఎముక, గాలి, రక్తపు గడ్డ దానికి అడ్డు కావు. ఎలుకల నరంలోకి ఎక్కించిన మూలకణాలు ముందు ఊపిరితిత్తుల్లో చిక్కుకుని, తర్వాత కాలేయానికి చేరడాన్ని బర్క్‌లీ పరిశోధకులు దీనితో కొలిచి చూపారు. 2019లో హాంబర్గ్‌లో మనిషి తల పట్టేంత యంత్రం తయారైంది. అయితే ఒక్క మాట: ఈ యంత్రం చూసేది కూడా ఇనుమునే. ఆ ఇనుము ఎవరి కడుపులో ఉందో అదీ చెప్పలేదు.

మన హైదరాబాద్ సంగతి చెప్పకుండా ఎలా ఉంటాను? ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను పెంచి, ఆమ్లాలు, సున్నం పడి కళ్లు దెబ్బతిన్నవారికి అతికిస్తూ వచ్చారు. వారికి ఈ నానో గుర్తుల అవసరమే పడలేదు, ఎందుకంటే కంటి ముందుపొర అయిన కార్నియా అద్దంలాంటిది. డాక్టరు స్లిట్ ల్యాంప్ వెలుగులో రోజు రోజుకూ పొర పెరగడాన్ని కంటితో చూస్తారు. చికిత్స నిలదొక్కుకోవడానికి అనేక కారణాలున్నా, కణాలను చూస్తూ వైద్యం చేయగల వీలు వాటిలో ఒకటని నేను అనుకుంటాను. వెన్నుపాము, గుండె, మెదడు మనకు ఆ వీలు ఇవ్వవు.

రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప మిగిలిన మూలకణ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన పరిశోధనల్లోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. అంతకు ముందే, 2013లో, ఆ మార్గదర్శకాల పేరులోంచి చికిత్స అన్న మాటను తీసేసింది. ఆ తండ్రికి ఈ విషయం ఎవరూ చెప్పలేదు. గుర్తు వేసి ఉంటే ఆయనకు నేనేం చెప్పగలిగేవాడిని? ముందు తీసిన స్కాన్ కూడా చేతిలో ఉంటే, సూది వేసిన రోజున ఫలానా చోట పడిందని చెప్పగలిగేవాడిని. మూడు నెలల తర్వాత అదే నల్లమచ్చ చూపించి అవి బతికే ఉన్నాయా అని అడిగితే, స్కాన్ చూసి చెప్పలేనని అనవలసి వచ్చేది. ఆయన ఫిల్ములు జాగ్రత్తగా కవరులో పెట్టుకుని, "అంటే డబ్బులు తీసుకున్నవాళ్లకైనా తెలియదన్న మాట" అన్నారు. అవునన్నాను.

వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని చెయ్యెత్తారు. చివరికి ఆ ఇనుము ఏమవుతుంది, ఒంట్లోనే ఉండిపోతుందా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కణం లోపలి ఆమ్ల సంచుల్లో ముందు డెక్‌స్ట్రాన్ పూత కరుగుతుంది, ఆ తర్వాత వారాలు, నెలల మీద స్ఫటికం కరిగి ఇనుము పరమాణువులు విడిపోతాయి. వాటిని ఫెరిటిన్ అనే ప్రోటీను భద్రపరుస్తుంది, ట్రాన్స్‌ఫెరిన్ రక్తంలో మోసుకుపోయి మూలుగకు అప్పజెబుతుంది. మన ఒళ్లు ఇనుమును పారేసే రకం కాదు. తినే తోటకూరలోని ఇనుముకు ఏ దారి ఉందో దీనికీ అదే దారి. కొన్నాళ్లకు అది ఆ రోగి ఎర్ర రక్తకణంలో హీమోగ్లోబిన్‌గా చేరి ప్రాణవాయువును మోస్తూ ఉంటుంది, అప్పుడు దాన్ని ఏ స్కానూ వేరు చేసి చూపలేదు.